చేత్తో కట్టుకున్న ఫిషింగ్ రాడ్: ఎండ, వాన, ఉప్పు చూశాక

మొదటే చెప్పేస్తాను. డబ్బు ఆదా అవుతుందని ఎవరూ సొంతంగా రాడ్ కట్టుకోవద్దు. ఆదా కాదు. మన చేతికి, మనం పట్టే చేపకి, మనం నిలబడే గట్టుకి సరిపోయే రాడ్ కావాలంటే మాత్రం ఇంతకు మించిన దారి నాకు కనబడలేదు. నేను కట్టుకున్న రాడ్‌తో కొన్నేళ్లుగా కోనసీమ కాలువల్లో కొరమీను, యానాం దగ్గర గౌతమి పాయ ఉప్పునీళ్లలో పండుగప్ప పడుతున్నాను. కాబట్టి ఏది నిలబడింది, ఏది నిలబడలేదు, దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు అన్నది వాడిన మనిషిగా చెప్పగలను.

ముందు బ్లాంక్ సంగతి. గైడ్లు (లైన్ దూరి వెళ్లే రింగులు), పిడి ఏమీ లేని ఉత్త కార్బన్ గొట్టాన్నే బ్లాంక్ అంటారు. జిగురు పట్టించిన కార్బన్ బట్టను కోసుగా ఉండే స్టీలు కడ్డీకి చుట్టి, పైన టేపు బిగించి, ఓవెన్‌లో కాల్చి, చివర్లో కడ్డీ లాగేస్తారు. 1973లో అమెరికాలో ఫెన్‌విక్ కంపెనీ గ్రాఫైట్, అంటే ఈ కార్బన్ రాడ్ తెచ్చిన దగ్గర్నుంచి ఫైబర్‌గ్లాస్ మెల్లగా పక్కకు తప్పుకుంది. నాది 7 అడుగుల బ్లాంక్, రెండు ముక్కలు, మీడియం హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్. అంటే పైభాగం బాగా వంగుతుంది, కింద గట్టిగా నిలబడుతుంది. కొరమీనుకి అది తప్పదు. తామరాకుల మీద రబ్బరు కప్పను లాగుతుంటే కింద నుంచి ధబేల్‌మని కొట్టి, కొట్టిన మరుక్షణం నాచులోకి దూరిపోతుంది. దాని నోరు గట్టిది. మెత్తటి రాడ్ అయితే మనం లాగిన బలమంతా వంపులోనే పోతుంది, హుక్ దిగదు.

బ్లాంక్ కొనేటప్పుడు అందరూ మాడ్యులస్ అంకె చూస్తారు, అంటే కార్బన్ ఎంత బిగువుగా ఉందో చెప్పే అంకె. అంకె పెరిగేకొద్దీ రాడ్ తేలికవుతుంది, లైన్ మీద చిన్న కదలిక కూడా చేతికి తెలుస్తుంది. పెళుసుదనం కూడా దానితోనే పెరుగుతుంది. మనమేమో బైక్ మీద వెళ్లేవాళ్లం, కొబ్బరి చెట్ల మధ్య నిలబడి విసిరేవాళ్లం, పడవ అంచుకి రాడ్ ఆనించేవాళ్లం. హై మాడ్యులస్ బ్లాంక్‌కి ఒక్క గట్టి దెబ్బ తగిలి లోపల చిన్న పగులు వచ్చిందంటే, అది ఆ రోజు కాదు, తర్వాతెప్పుడో పెద్ద చేప మీద ఉండగా విరుగుతుంది. అందుకే నేను మధ్యరకం తీసుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ నిర్ణయమే సరైందని అంటాను.

ఒక్క ముక్కగా వచ్చే 7 అడుగుల బ్లాంక్ తెప్పించడం పెద్ద తలనొప్పి. అంత పొడుగు పెట్టెకి కొరియర్ వాళ్లు వేసే ఛార్జీ, ఆ పైన కస్టమ్స్ కలిపితే బ్లాంక్ ఖరీదుని మింగేస్తాయి. రెండు ముక్కలదే తెప్పించుకోండి. జాయింట్ దగ్గర బలం తగ్గుతుందని కొందరు భయపెడతారు. నాకు ఆ ఇబ్బంది రాలేదు. లోపలి ముక్కకి అప్పుడప్పుడూ కొవ్వొత్తి మైనం రుద్దుతాను. విసురుతుంటే వదులవ్వదు, సాయంత్రం లాగితే సులువుగా ఊడి వస్తుంది.

అసలు తేడా ఎక్కడ తెలిసిందంటే గైడ్ల దగ్గర. షాపులో కొన్న నా పాత 7 అడుగుల రాడ్‌కి టిప్ (రాడ్ కొసన తొడిగే రింగు) కాకుండా ఆరే గైడ్లున్నాయి. కట్టేవాళ్ల లెక్క ఏమిటంటే, రాడ్ ఎన్ని అడుగులుంటే అన్ని గైడ్లు, ఇంకొకటి అదనం. నేను ఎనిమిది పెట్టాను. రీల్‌కి దగ్గరగా 25 నంబరు (నంబరంటే రింగు సైజు), తర్వాత 16, 10, ఆ పైన ఐదూ 6 నంబరే. స్పిన్నింగ్ రీల్ నుంచి లైన్ చుట్లు చుట్లుగా వస్తుంది. మొదటి మూడు గైడ్లు ఆ చుట్టుని అణిచేస్తే మిగతావి చిన్నవైనా చాలు. చివర బరువు తగ్గుతుంది, రాడ్ విసరగానే తొందరగా కుదురుకుంటుంది. గైడ్లు చేసే జపాన్ ఫూజీ కంపెనీ వాళ్ల చార్టు చూసి మొదలుపెట్టాను కానీ చార్టు ఆరంభం మాత్రమే. ప్రతి బ్లాంక్ వంపు వేరు.

ఆ వంపు చూడ్డానికి ఒక సాయంత్రం కేటాయించండి, తొందరపడకండి. గైడ్లను దారంతో కట్టకముందు సన్నటి రబ్బరు ట్యూబు ముక్కలతో తాత్కాలికంగా నిలపాలి. రాడ్ పిడిని కిటికీ ఊచలకి కట్టి, లైన్‌ని అన్ని గైడ్లలోంచి తీసి, చివర లీటరు నీళ్ల సీసా వేలాడదీయాలి. రాడ్ వంగుతుంది కదా, ఇప్పుడు పక్కనుంచి చూడండి. రెండు గైడ్ల మధ్య లైన్ బ్లాంక్ వంపుకి దగ్గరగా నడవాలి. ఎక్కడైనా బ్లాంక్ విల్లులా వంగి, లైన్ తిన్నగా అడ్డంగా పోతోందంటే అక్కడ గైడ్లు దూరంగా ఉన్నాయని అర్థం. నా బ్లాంక్‌లో టిప్ నుంచి మూడు, నాలుగు గైడ్ల మధ్య అలా కనిపించింది. ఒకదాన్ని వేలెడు కిందికి జరిపితే మొత్తం వంపు సాఫీ అయిపోయింది. పెద్ద చేప లాగుతున్నప్పుడు ఆ బరువు ఒక్కచోట పడకుండా రాడ్ అంతటా పంచుకుంటుంది. షాపు రాడ్‌తో పోలిస్తే పండుగప్ప పరుగు తీసినప్పుడు ఈ తేడా మోచేతికి స్పష్టంగా తెలుస్తుంది.

స్పైన్, అంటే బ్లాంక్‌లో ఒక పక్క ఉండే బిగువు తేడా, దాని గురించి రెండు మాటలు చాలు. బ్లాంక్‌ని నేల మీద ఆనించి, మధ్యలో నొక్కి వేళ్లతో తిప్పితే ఒక వైపుకి ఠక్కున తిరుగుతుంది. కార్బన్ బట్ట పొరలు ఒకదాని మీద ఒకటి ఎక్కినచోట వచ్చే తేడా అది. గైడ్లు ఆ లెక్కన పెట్టాలని పాతవాళ్లు పట్టుబడతారు. బ్లాంక్ తిన్నగా కనిపించే వైపు చూసి పెట్టుకోమని ఇప్పటివాళ్లు అంటారు. రెండు రకాలుగానూ కట్టి వాడాను. చేతికి ఏ తేడా తెలియలేదు. తిన్నగా కనిపించే పద్ధతే నాది.

రాడ్ బలాన్ని కొలవడానికి అమెరికాలో విలియం హానెమన్ పెట్టిన పద్ధతి ఒకటుంది, కామన్ సెంట్స్ అంటారు. రాడ్‌ని అడ్డంగా బిగించి, చివర సంచీ కట్టి, పొడవులో మూడో వంతు కిందికి వంగేదాకా అందులో సెంటు బిళ్ళలు వేస్తారు. సెంటు బిళ్ళ 2.5 గ్రాములు. మన 2011 సిరీస్ ఐదు రూపాయల బిళ్ళ 6 గ్రాములు, దానితోనూ బ్రహ్మాండంగా పనవుతుంది. పెట్టె మీద మీడియం హెవీ అని ఒకేలా రాసి ఉన్న రెండు రాడ్లను ఇలా కొలిచి చూడండి. ఆ మాటకి కంపెనీ కంపెనీకీ అర్థం ఎంత మారిపోతుందో మీకే తెలుస్తుంది.

పిడి విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను, ఎందుకంటే రోజంతా మన చెయ్యి ఉండేది అక్కడే. షాపు రాడ్ల పిడి వెనక భాగం పొడుగ్గా ఉంటుంది. సముద్రపు ఒడ్డున రెండు చేతులతో విసరడానికి అది బాగుంటుందేమో. కాలువ గట్టున, పైన కొబ్బరి మట్టలు, వెనక అరటి తోట ఉన్నచోట మణికట్టుతోనే విసరాలి. పొడుగు పిడి ప్రతిసారీ మోచేతికి తగులుతుంది, నాటు పడవలో కూర్చుంటే పొట్టలో గుచ్చుకుంటుంది. నా పిడిని రీల్ కాలు నుంచి సరిగ్గా మోచేతి వరకూ కొలిచి కోశాను. ఈ ఒక్క మార్పు కోసమైనా మళ్లీ కట్టుకుంటాను. పొద్దుటి నుంచి విసిరినా మణికట్టు నొప్పి రాదు.

పిడికి కార్క్ వాడాను. కార్క్ చెట్టు బెరడుని తొమ్మిదేళ్లకోసారి మాత్రమే ఒలుస్తారు, ఎక్కువగా పోర్చుగల్ నుంచి వస్తుంది. అరంగుళం మందం రింగులుగా దొరుకుతాయి. వాటిని ఎపాక్సీతో అతికించి, గుండ్రటి ఆకురాయితో రంధ్రం పెంచి, గరుకు కాగితంతో నున్నగా చేయాలి. ఇక్కడ నాణ్యత విషయంలో రాజీ పడొద్దు. చవక రింగుల్లో గుంటల్ని పొడి కలిపిన జిగురుతో పూడ్చి అమ్ముతారు. ఒక్క వర్షాకాలం తడిసి ఆరేసరికి ఆ పూడిక ఊడిపోతుంది. నా పిడిలో ముందు భాగానికి మంచి రకం, వెనక భాగానికి చవక రకం వేశాను కాబట్టి రెండూ పక్కపక్కనే కనిపిస్తున్నాయి. ముందుది చేప జిగురుకి నల్లబడింది, అంతే. గిన్నెలు తోమే సబ్బుతో కడిగితే మళ్లీ తేలుతుంది. వెనకది గుంటలు పడింది. మంచి కార్క్ కొనే స్తోమత లేకపోతే ఈవీఏ ఫోమ్ వేసుకోండి, చవక కార్క్ కంటే అదే నయం.

ఇక దారం, ఎపాక్సీ. రాడ్ కట్టడమంటే నాకు నిజంగా ఇష్టమైన భాగం ఇదే. కుట్టుదారం పనికిరాదు, రాడ్ కట్టడానికి వచ్చే నైలాన్ దారమే కావాలి, ఎ సైజు చాలు. గైడ్ కాలు కొసని ముందు ఆకురాయితో పలచగా అరగదీయాలి, లేకపోతే దారం బ్లాంక్ మీంచి కాలు మీదికి ఎక్కే చోట ఖాళీ పడుతుంది, ఆ ఖాళీలోనే తర్వాత నీళ్లు చేరతాయి. పోగు పక్కన పోగు పడాలి, ఉప్పాడ చీర అంచులోలా. చివరి ఏడెనిమిది చుట్లు ఉన్నాయనగా వేరే దారపు ముక్కని ఉచ్చులా మడిచి చుట్ల కింద పెట్టి, మిగిలిన కొసని ఆ ఉచ్చులోంచి దూర్చి లాగితే ముడి లేకుండా లోపలికి వెళ్లిపోతుంది. మామూలు దారం మీద ఎపాక్సీ పడితే రంగు ముదిరి గాజులా కనిపిస్తుందని గుర్తుంచుకోండి. నాకు ఆ ముదురు రంగే నచ్చింది. రంగు మారకూడదంటే అందుకని విడిగా దారం దొరుకుతుంది.

ఎపాక్సీ రెండు సీసాలు, సమానంగా కలపాలి. కంటి లెక్క పనికిరాదు, సిరంజిలతో కొలవాలి, ఒక్కోదానికి ఒక్కో సిరంజి. మెల్లగా కలిపి వెంటనే అల్యూమినియం ఫాయిల్ మీద పలచగా పోస్తే బుడగలు పోతాయి, తొందరగా గట్టిపడదు. మిగిలిన బుడగలకి స్పిరిట్ దీపం సెగ ఒక్క క్షణం చూపిస్తే చాలు. ఆ తర్వాత గంటల తరబడి రాడ్ తిరుగుతూ ఉండాలి, లేకపోతే ఒక పక్కకి జారి బొట్లు కడుతుంది. దీనికోసం ఖరీదైన యంత్రం కొనక్కర్లేదు. మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్లెం తిప్పే మోటారు నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది, రిపేరు షాపులో అడిగితే ఇస్తారు. మన తీరప్రాంతం వాళ్లకి ఒక్క హెచ్చరిక. ముసురు పట్టినప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. గాలిలో తేమ ఎక్కువైతే ఎపాక్సీ పైన మైనం లాంటి తెల్లటి పొర వస్తుంది. సంక్రాంతి దాటాక, శివరాత్రి లోపు మంచి సమయం.

ఉప్పునీళ్లు ఏం చేశాయో చెప్పాలి. మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు గైడ్లు కాలువ నీళ్లలో చెక్కుచెదరవు. గౌతమి దిగువన వాడితే, ఇంటికొచ్చి మంచినీళ్లతో కడిగినా, కాలు వంపు దగ్గర తుప్పు మొదలైంది. ఎపాక్సీ కింద దారంలోకి గోధుమరంగు చార పాకింది. టైటానియం ఫ్రేములకి ఆ బాధ లేదు, ధర మాత్రం బాగా ఎక్కువ. పండుగప్పకి వాడే రాడ్ అయితే కనీసం మొదటి మూడూ టిప్పూ టైటానియం పెట్టుకోండి. రింగుల లోపలి పింగాణీ విషయానికొస్తే ఫూజీ ఆల్కోనైట్ రకం బ్రెయిడ్ (పోగులు అల్లిన) లైన్‌ని హాయిగా తట్టుకుంది, గీత పడలేదు. మధ్యలో ఇంకో రాడ్‌కి పేరు లేని చవక గైడ్ల సెట్ వాడితే ఒక రింగు ఊడి నీళ్లలో పడింది. రింగు పగిలిందేమో అనుమానం వస్తే చిన్న దూదిపింజ లోపల తిప్పి చూడండి. కంటికి కనబడని పగులుకి కూడా దూది పట్టుకుంటుంది.

కాలువ గట్టున ఒక పెద్దాయన రాడ్‌ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఏవండీ, ఇదంతా మీరే కట్టారా? మా వెదురు గెడకి ఒక్క ఉంగరం కూడా లేదు కదండీ, చేపలు పడతన్నాయి కదా" అన్నారు. పడతాయి, నిజమే. ఆయన వెదురు గెడతో నా కళ్ల ముందే పట్టారు. కానీ అవతలి గట్టు పక్క తామరాకుల కింద ఉన్న చేపని అందుకోవాలంటే విసిరే రాడ్ కావాలి. ఒక మనవి కూడా. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీళ్ల పైకి తేలుతూ కనిపిస్తే తల్లిదండ్రులు కిందే కాపలా ఉంటాయి. వాటిని పట్టొద్దు. కొరమీను తెలంగాణ రాష్ట్ర చేప కూడా, అక్కడి మిత్రులకీ ఇదే మాట.

ఎవరు కట్టుకోవాలి? ఒక షాపు రాడ్‌తో కొన్నాళ్లు గట్టిగా పట్టి, అందులో తనకి ఏది నచ్చలేదో తెలిసినవాళ్లు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఇప్పుడే వద్దు, ఏం కోరుకోవాలో తెలియకుండా కట్టుకున్న రాడ్ షాపు రాడ్ లాగే ఉంటుంది. పిడి దగ్గర రంగు దారాలతో వేసే ముగ్గులు చూడముచ్చటగా ఉంటాయి, చేప పట్టడానికి వాటితో పనిలేదు, మొదటి రాడ్‌కి వదిలేయండి. టిప్‌ని మాత్రం ఎపాక్సీతో అతికించొద్దు, హాట్ గ్లూ వాడండి. అన్నిటికన్నా ముందు అరిగేదీ, దెబ్బ తినేదీ అదే. హాట్ గ్లూ అయితే లైటర్ సెగకి మెత్తబడి చేతికి ఊడి వస్తుంది, గట్టు మీదే ఇంకోటి తొడుక్కుని పట్టుకోవచ్చు.