ఆఫీసు టవరు బస్టాండు పైనా, పక్కనా?

శాన్‌ఫ్రాన్సిస్కోలో 2018లో తెరిచిన బస్ టెర్మినల్ పైకప్పు మీద ఆఫీసులు లేవు, 5.4 ఎకరాల తోట ఉంది. 61 అంతస్తుల టవరు పక్క స్థలంలో లేచింది. ఆ స్థలం అమ్మిన సొమ్ము టెర్మినల్‌కే ఉపయోగపడింది. తెరిచిన కొద్ది వారాలకే ఉక్కు దూలాల్లో పగుళ్లు కనిపించి టెర్మినల్‌ను నెలల తరబడి మూశారు. అదే దూలాల మీద ఆఫీసులు ఉండి ఉంటే?

న్యూయార్క్‌లో 1950 నాటి టెర్మినల్ స్థానంలో కొత్తది కడుతూ, పైన వాణిజ్య టవర్లకు చోటిస్తున్నారు. మన్‌హట్టన్‌లో ఖాళీ స్థలమెక్కడిది? పైగా ఆ రాబడి నిర్మాణ ఖర్చుకు ఆసరా. కానీ టవరు బరువు మోసే స్తంభాలు బస్సులు మలుపు తిరిగే చోటికే దిగుతాయి. పన్నెండు మీటర్ల బస్సును వెనక్కి తీసే డ్రైవరుకు ఒక్క స్తంభం అడ్డొచ్చినా కష్టమే.

స్థలం దొరికితే నా ఓటు పక్కన కట్టడానికే.