జీఎల్‌పీఐ: ఆ ఒక్క ట్యాబ్ కోసం

ఆఫీసు కంప్యూటర్ల జాబితా, వాటి మీద వచ్చే ఫిర్యాదులు చూసుకునే సాఫ్ట్‌వేర్ జీఎల్‌పీఐ. దాన్ని ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, టికెట్లు (ఫిర్యాదులు) ఎలా నడుస్తాయి అన్నవి వదిలేస్తున్నాను. మాదాపూర్‌లో మా ఆఫీసు ఐటీ డెస్క్ దీన్ని కొన్నేళ్లుగా వాడుతోంది. 2022లో 10వ వెర్షన్ వచ్చి ఇన్వెంటరీ, అంటే ఏ మెషిన్‌లో ఏముందో దానంతట అదే సేకరించే పని, లోపలే కలిసిపోయాక అంతకుముందు ఆ పని చేసిన ఫ్యూజన్‌ఇన్వెంటరీ ప్లగిన్ కూడా తీసేశాం. ఇన్నేళ్లలో నా మనసుకు పట్టింది మాత్రం ఒక్కటే, ప్రతి రికార్డుకూ ఉండే హిస్టారికల్ ట్యాబ్. తేదీ, ఎవరు మార్చారు, ఏ ఫీల్డు, పాతదేంటి, కొత్తదేంటి. చూడ్డానికి పాత బ్యాంకు పాస్‌బుక్కులా ఉంటుంది.

ఒకసారి హింజ్ విరిగిన లాప్‌టాప్‌ని సికింద్రాబాద్‌లో మేం మామూలుగా ఇచ్చే షాపుకు పంపాం. తిరిగొచ్చాక టెస్టింగ్ టీమ్ అమ్మాయి "అన్నా, ఎమ్యులేటర్ తెరిస్తే చాలు, మెషిన్ ఆగిపోతోంది" అంది (కంప్యూటర్‌లోనే ఫోన్‌ని నడిపే ప్రోగ్రామ్ అది, ర్యామ్ ఎక్కువ తింటుంది). విండోస్ అప్‌డేట్ పనేమో అనుకుంటూ రికార్డు తెరిచాను. లాప్‌టాప్ మళ్లీ నెట్‌వర్క్‌లోకి వచ్చిన రోజే ఏజెంట్ (ప్రతి మెషిన్‌లో ఉండి వివరాలు జీఎల్‌పీఐకి పంపే చిన్న ప్రోగ్రామ్) రెండు లైన్లు రాసిపెట్టింది: 16 జీబీ ర్యామ్ మాడ్యూల్ తీసేసినట్టు, 8 జీబీది చేర్చినట్టు. అంతకుముందు, కొన్నప్పటి నుంచీ, ర్యామ్ మారిన ఊసే లేదు. స్టేటస్ 'రిపేరు'కి మారిన ఎంట్రీ మాత్రం ఉంది, మా డెస్క్ కుర్రాడి పేరుతో, టైముతో సహా.

షాపతను మొదట "మీరిచ్చినప్పుడే ఎనిమిది ఉండె సార్" అన్నాడు. వాదించలేదు, ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాం. సాయంత్రానికి ఫోన్: "మా పిలగాడు పక్క మెషిన్‌ది ఏసినట్టుండు సార్, రేపు పంపిస్త." పంపాడు కూడా. ఎక్సెల్ రోజుల్లో అయితే ఈ మాట వచ్చేది కాదు. షీటులో 16 అని ఉంటే నిన్న రాత్రి టైప్ చేసి ఉంటారు అంటే మా దగ్గర జవాబేది?

అప్పట్నుంచి మా మేనేజరు గారు "అందులో ఏదీ చెరిగిపోదు" అని కనబడ్డ ప్రతివాళ్లకీ చెబుతున్నారు. నేనంత మాట అనను. మెషిన్‌ని చెత్తబుట్టలో వేసినంతవరకు ఫర్వాలేదు, అక్కణ్నుంచి శాశ్వతంగా డిలీట్ చేస్తే దాంతోపాటు చరిత్రా పోతుంది. అందుకే ఈ-వేస్ట్‌కి ఇచ్చేసిన వాటిని కూడా మేం స్టేటస్ మార్చి ఉంచుకుంటున్నాం. ఎవరైనా జీఎల్‌పీఐ తెరవకుండా నేరుగా డేటాబేస్‌లో ఎస్‌క్యూఎల్ ఆదేశం కొట్టి మారిస్తే ట్యాబ్‌లో ఒక్క అక్షరం పడదు. ఎందుకు మార్చారన్నది దానంతట అది రాసుకోదు, దానికో టికెట్ మనమే జత చేసుకోవాల్సిందే.

ఇంకో తలనొప్పి సాఫ్ట్‌వేర్ లైన్లు. క్రోమ్ అప్‌డేట్ అయినప్పుడల్లా పాత వెర్షన్ పోయిందని, కొత్తది వచ్చిందని. ఫిల్టర్ లేకపోతే ర్యామ్ లైన్ వాటి కింద ఎక్కడో ఉండిపోతుంది. సెట్టింగ్స్‌లో లాగ్స్ పర్జ్ (పాత ఎంట్రీలు తీసేసే పేజీ) ఉంది, ఏ రకం ఎంట్రీని ఎన్ని నెలలు ఉంచాలో విడివిడిగా చెప్పొచ్చు. సాఫ్ట్‌వేర్‌వి మూడు నెలలకే తీసేస్తున్నాం, హార్డ్‌వేర్ కాంపోనెంట్లవి, యూజర్ మార్పులవి అసలు ముట్టుకోలేదు. సమాచార భద్రత ప్రమాణమైన ఐఎస్ఓ 27001 ఆడిట్‌లో 5.9 నిబంధన కింద ఆస్తుల జాబితా అడిగినప్పుడు, ఈ మెషిన్ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ఆ యూజర్ లైన్లే చూపిస్తున్నాం.

అందరూ పెట్టుకోవాలా అంటే, ఏమో. మాకు కొన్ని వందల మెషిన్లు, వాటిలో సగం ఇళ్లకూ రిపేర్లకూ తిరుగుతుంటాయి, లినక్స్ సర్వర్ చూసుకునే మనిషి ఆఫీసులోనే ఉన్నాడు. అమీర్‌పేటలో ముప్పై డెస్క్‌టాప్‌లతో, బల్ల మీంచి కదలని వాటితో నడిచే ఇన్‌స్టిట్యూట్‌కి ఇంత అవసరం పడకపోవచ్చు. పెట్టుకునేవాళ్లు మాత్రం ఏజెంట్లు వేసే ముందే పర్జ్ పేజీ ఒకసారి తెరిచి చూసుకోండి.