స్టీవ్‌స్టన్‌లో ఇల్లు, న్యూ డెన్వర్‌లో గుడిసె

వాంకూవర్ చుట్టుపక్కల ఉండే తెలుగువారు ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే స్టీవ్‌స్టన్ రేవుకు తీసుకువెళ్లి, చేపల పడవలు చూపించి తిరిగి వస్తుంటారు. మేమూ ఇన్నేళ్లు అంతే చేశాము. ఈ వేసవిలో మాత్రం అక్కడి బ్రిటానియా షిప్‌యార్డ్స్‌లో ఉన్న మురకామి ఇంటి దగ్గర ఒక పూటంతా గడిపాము. పదిమంది పిల్లలతో ఒక జపాన్ వలస కుటుంబం 1929 నుంచి 1942 వరకు కాపురమున్న చెక్క ఇల్లు అది. ప్రవేశ రుసుము లేదు.

1941 డిసెంబరులో అమెరికా నౌకాస్థావరమైన పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి చేయగానే కెనడా ప్రభుత్వం జపాన్ సంతతి జాలరుల పడవలు సుమారు 1,200 స్వాధీనం చేసుకుంది. 1942లో తీరానికి నూరు మైళ్ల లోపల ఉన్న దాదాపు 22,000 మందిని, వారిలో ఎక్కువమంది కెనడాలోనే పుట్టినవారైనా, కట్టుబట్టలకు కాస్త ఎక్కువైన సామానుతో కదిలించి, తీరానికి దూరంగా శిబిరాలు మొదలైన చోట్లకు పంపింది. ఇళ్లు, పొలాలు, దుకాణాలు భద్రంగా చూస్తామని చెప్పి కస్టోడియన్ అనే అధికారికి అప్పగించి, 1943 జనవరిలో యజమానుల సమ్మతి లేకుండానే వాటిని అమ్మే ఉత్తర్వు జారీ చేసింది. పైగా అమ్మగా వచ్చిన సొమ్ములోంచే శిబిరాల్లో వారి జీవనానికయ్యే ఖర్చును మినహాయించుకున్నారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఈ లెక్కే.

వాంకూవర్‌లోని హేస్టింగ్స్ పార్కులో స్త్రీలను, పిల్లలను మొదట ఉంచిన పశువుల కొట్టం ఇంకా ఉంది గానీ, అక్కడ చూసి తెలుసుకోగలిగింది తక్కువ. సమయం చాలకపోతే దానిని వదిలేయవచ్చు.

అటువంటి శిబిరం ఒకటి ఉన్న కొండ ఊరు న్యూ డెన్వర్‌ను మాత్రం వదలకూడదు. వాంకూవర్ నుంచి కొండదారిలో కారు ప్రయాణం ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది కాబట్టి రెండు రాత్రులైనా ఉండేలా వెళ్లాలి. స్లోకన్ సరస్సు దగ్గర మాకు దొరికిన బస శుభ్రంగానే ఉంది, కానీ శాకాహారం విషయంలో ఇబ్బంది పడ్డాము. పులిహోర, పెరుగు వెంట తీసుకువెళ్లడం మేలు. నిక్కెయ్ (అంటే జపాన్ సంతతివారి) స్మారక కేంద్రం వేసవి నెలల్లోనే తెరిచి ఉంటుంది. నాటి అసలు గుడిసెలు అక్కడ నిలబెట్టి ఉంచారు. ఆరని పచ్చి చెక్కతో హడావుడిగా కట్టినందువల్ల పలకలు ఎండి సందులు పడ్డాయట. మంచు కురిసే చలికాలంలో అటువంటి ఒక్క గుడిసెలో రెండేసి కుటుంబాలు ఒకే పొయ్యి దగ్గర సర్దుకున్నాయి. మురకామి ఇల్లు ముందే చూసి రావడం వల్లనే ఆ గది కొలత మాకు అర్థమైంది.

తీరానికి తిరిగి రావచ్చని 1949 ఏప్రిల్ 1న అనుమతించారు. అప్పటికి వారి ఇళ్లలో వేరేవాళ్లు కాపురముంటున్నారు. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికి ఉన్నవారికి తలా 21,000 డాలర్లు ఇచ్చింది.