తెలుగు సంఘం సైట్‌కి ఏది మేలు: హ్యూగోనా, విక్సా, వర్డ్‌ప్రెస్సా?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు సంఘాల్లో వెబ్‌సైట్ మాటెత్తితే చర్చంతా డిజైన్ మీదే నడుస్తుంది. అసలు పని సైట్ కట్టాకే మొదలవుతుంది. ఉగాది వేడుకకు హాలు మారితే ఆ సంగతి ఎవరు రాయాలి, ఎవరు సరిచూడాలి, పోయినేడాది టికెట్ ధరలు ఎవరు తీసేయాలి? కంటెంట్ మేనేజ్‌మెంట్ అంటే ఇదే.

ఇక్కడ ప్రతి సంఘానికీ ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు దొరుకుతాడు. హ్యూగోలో, అంటే ఫైళ్ల నుంచి పేజీలను ముందే తయారుచేసిపెట్టే సాఫ్ట్‌వేర్‌లో, సైట్ చేసిపెడతానంటాడు. డేటాబేస్ ఉండదు కాబట్టి హ్యాకింగ్ భయం తక్కువ, పేజీ చిటికెలో తెరుచుకుంటుంది, హోస్టింగ్ (సైట్‌ని ఇంటర్నెట్‌లో ఉంచే చోటు) ఖర్చూ పెద్దగా ఉండదు. ఒక్కరే రాసుకునే సైట్‌కి నేనూ అదే చెబుతాను. కానీ ఫోన్ నంబర్ మార్చాలన్నా మార్క్‌డౌన్ ఫైల్ (చిన్న చిన్న గుర్తులతో రాసే టెక్స్ట్ ఫైల్) దిద్ది సైట్‌ని మళ్లీ బిల్డ్ చేయాలి, అంటే పేజీలను తిరిగి తయారుచేయాలి. కుర్రాడు ఆన్‌సైట్‌కి వెళ్లిపోయాడా, కార్యదర్శి గారికి టెన్షనే.

విక్స్ అనే ఆన్‌లైన్ సర్వీసులో బ్రౌజర్‌లోనే సైట్ కట్టి దిద్దుకోవచ్చు కాబట్టి ఆ బాధ లేదు. కర్రీ పాయింట్‌కో, ట్యూషన్ సెంటర్‌కో చక్కగా సరిపోతుంది. అయితే అక్కడ కట్టిన సైట్‌ని ఉన్నదున్నట్టు ఎత్తి వేరే హోస్టింగ్‌లో పెట్టుకోలేం. ఏళ్ల తరబడి పోగయ్యే సంఘం వ్యాసాలు అలా ఒకచోట ఇరుక్కుపోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

అందుకే సంఘాలకు వర్డ్‌ప్రెస్సే మేలంటాను. 2003 నుంచీ ఉన్న సాఫ్ట్‌వేర్, ఉచితం. హోస్టింగ్‌కి మాత్రం డబ్బు కట్టాలి. అందులో ఒక్కొక్కరికి ఒక్కో హోదా ఇవ్వొచ్చు: ‘కంట్రిబ్యూటర్’ రాయగలరు గానీ పబ్లిష్ చేయలేరు, మామూలుగా ఫొటో కూడా ఎక్కించలేరు. ‘ఎడిటర్’ చూసి వదలాలి. ఎవరైనా పేజీ చెడగొడితే రివిజన్స్‌లో పాత ప్రతి ఉంటుంది. రాసినదంతా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ప్లగిన్లు (అదనపు సౌకర్యాల కోసం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) అప్‌డేట్ చేయకపోతే మాత్రం ప్రమాదం. ఆ బాధ్యత పేరుపెట్టి ఒకరికి అప్పగించండి.

తెలుగుతో వచ్చే చిక్కు ఒకటుంది. పేజీ చిరునామాలో మన ప్రతి అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు తొమ్మిదేసి క్యారెక్టర్లుగా మారిపోతాయి. వర్డ్‌ప్రెస్ 200 దగ్గర కోసేస్తుంది, అంటే శీర్షికలో తొలి రెండు మూడు మాటలే మిగులుతాయి. స్లగ్‌ని, అంటే చిరునామాలో ఆ పేజీ పేరుండే భాగాన్ని, చేత్తో, ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా రాయండి. ప్రెస్‌లో అనూ ఫాంట్లతో చేసిన కరపత్రాన్ని నేరుగా పేస్ట్ చేస్తే పిచ్చిగీతలొస్తాయి, ముందు ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఆ శ్రమ ఎందుకని ఫొటోగా అతికిస్తే, తేదీ మారినప్పుడు దిద్దడానికి మళ్లీ డీటీపీ వాళ్ల దగ్గరికి పరుగెత్తాలి.