సోమాలీ గబయ్‌ని దాచుకోవడానికి ధారణా, క్యాసెట్టా, అచ్చా? ఏది మేలు?

నోటి కవిత్వం అనగానే పాడినప్పుడల్లా మారుతుందనుకుంటాం. ఒకప్పటి యుగోస్లావియా వీరగాథల గాయకుల విషయంలో అది నిజమే. కథ, పదబంధాలు గుర్తుంటే చాలు, పాట అప్పటికప్పుడు అల్లేసేవారు. గబయ్ (సోమాలీ భాషలో నోటితో చెప్పే ఒక కవితారూపం) అలా కాదు. కవి ముందే కూర్చుకుంటాడు. బయటికొచ్చాక అదే పాఠం. అప్పజెప్పేవాడు కవి పేరు చెప్పాలి, మాట మార్చకూడదు.

ధారణకు కాపలా ఛందస్సే. పాదం రెండు ముక్కలు, ఒక్కోదాంట్లో ఒక మాటైనా ఎంచుకున్న హల్లుతో మొదలవ్వాలి. మన యతి ఏ పాదానికి ఆ పాదంలో తీరిపోతుంది. అక్కడ ఆ హల్లు కవిత చివరిదాకా మారదు. (అచ్చుని ఎంచుకుంటే ఏ అచ్చైనా చెల్లుతుంది.) పైగా మాత్రల లెక్క: హ్రస్వానికి 1, దీర్ఘానికి 2. తప్పు మాట పడితే చెవి పట్టేస్తుంది. పట్టలేనిది పాదం జారిపోవడం. మన పద్యంలో నాలుగో పాదం పోతే లోటు తెలుస్తుంది. గబయ్‌కి పాదాల లెక్క లేదు, హల్లు అంతటా ఒకటే. 40వ పాదం తర్వాత 43వది చదివినా నడక చెడదు. వరుస తారుమారైనా, అదే హల్లూ అవే మాత్రలూ ఉన్న పర్యాయపదం దూరినా అంతే.

క్యాసెట్‌లో ఆ బెడద లేదు. సోమాలీ కవి గార్రియె మొదలుపెట్టిన ‘దేల్లెయ్’ కవితల గొలుసు (1979–80, అంతా ‘ద’కారమే) క్యాసెట్ల మీదే ఊరూరా తిరిగింది. రాగం, విరుపు కూడా దక్కుతాయి. కాకపోతే కాపీకి కాపీ తీసేకొద్దీ గరగర పెరుగుతుంది, మొదటి పాదాలు కోతపడతాయి.

అచ్చుకి దారి 1972లో లాటిన్ లిపి అధికారికమయ్యాక పడింది. 1920లో చనిపోయిన కవి సయ్యద్ మహమ్మద్ కవితల్ని ఔ జామా ఉమర్ ఈసె జనం నోటి నుంచి సేకరించి 1974లో అచ్చువేశారు. వెతుక్కోవడానికి, పోల్చడానికి దీన్ని మించింది లేదు. కానీ ఆ లిపి మాట పలకడంలో గొంతు ఎగుడుదిగుళ్ళు చూపదు, రాగం సంగతి సరేసరి. పైగా ఒక పాఠం పుస్తకమైతే మిగతావి తప్పుల్లా కనబడతాయి.

కవి గొంతు దొరికితే క్యాసెట్‌కే నా ఓటు. పాత కవితలకు వేర్వేరు ప్రాంతాల ధారకుల్ని ఇద్దరు ముగ్గుర్ని విడివిడిగా రికార్డు చేసి, పాదం పక్కన పాదం పెట్టి, తేడాలు కింద చూపిస్తూ అచ్చువెయ్యాలి. పనిపాటలకు మాత్రం ఈ పద్ధతి వద్దు. ఒంటెలకు నీళ్ళు తోడే పాట ఎవరు కట్టారని అక్కడ ఎవరూ అడగరు. పాడిన చోటు, తేదీ రాసి, ఎన్ని రూపాలొస్తే అన్నీ ఉంచుకోవడమే.