రాత్రిపూట కాళ్ల అలజడి: ఏళ్ల వాడకం తర్వాత ఏది పనికొచ్చింది, ఏది పక్కకెళ్లింది

ముందు ఒక స్పష్టత. నాది నడిరాత్రి పిక్క పట్టేసి గడ్డకట్టే బాధ కాదు. పడుకున్న కాసేపటికే పిక్కల లోలోపల చీమలు పాకుతున్నట్టు మొదలై, కాలు కదిపేదాకా ఊరుకోదు. లేచి నడిస్తే పోతుంది, పడుకుంటే మళ్లీ హాజరు. పగలు పెద్దగా జాడ ఉండదు. రెస్ట్‌లెస్ లెగ్స్ అంటే ఇదే. స్వీడన్ న్యూరాలజిస్టు ఎక్‌బోమ్ 1945లోనే దీన్ని వివరంగా రాసిపెట్టాడు. అయినా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ "ఊరికే కాళ్లాడించకు" అనే అంటారు.

మందుల్లేకుండా తగ్గించుకోవాలని చాలానే వాడి చూశాను. వాటిలో మార్కులు ఎక్కువ పడేది ఐరన్‌కే. అయితే దానికి ముందు ఫెరిటిన్ అనే రక్తపరీక్ష తప్పనిసరి, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో అది చెబుతుంది. నా హిమోగ్లోబిన్ బాగానే ఉంది, ఫెరిటిన్ కూడా ల్యాబ్ కాగితం మీద నార్మల్ గీతల మధ్యే ఉంది. రక్తహీనత లేదు కదా అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ ఈ సమస్య ఉన్నవాళ్లకు ఫెరిటిన్ 75 ng/mL లేదా అంతకంటే తక్కువ ఉంటే ఐరన్ ఇచ్చి చూడమని వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. రక్తంలో సరిపడా ఉన్నా మెదడులో ఐరన్ తక్కువగా ఉండొచ్చు, మెదడులో కదలికల సంకేతాలు మోసే డోపమిన్ అనే రసాయనం పని దానితో ముడిపడి ఉంటుంది. పరీక్ష పొద్దున్నే చేయించుకోవాలి, ముందురోజు నుంచి ఐరన్ బిళ్ల ఆపాలి. జ్వరమో, ఒంట్లో ఇన్‌ఫెక్షనో ఉంటే ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, అప్పుడు చేయించినా లాభం లేదు.

డాక్టర్ చెప్పిన మోతాదే రోజు విడిచి రోజు, విటమిన్ సి తో వేసుకున్నాను. రోజూ వేసుకోవడం కంటే ఇలా అయితే ఒంటికి బాగా పడుతుందట. టీ, కాఫీలు దాని దగ్గరికి రానివ్వకూడదు. మలబద్ధకం వచ్చింది, మలం నల్లగా అయింది, రెండూ మామూలే. ఫలితం మాత్రం నిదానం, నెలలు పడుతుంది. నాకు బాధ పూర్తిగా పోలేదు గానీ, రాత్రంతా వరండాలో పచార్లు చేసే అవసరం తప్పింది. పరీక్ష లేకుండా ఐరన్ మింగడం మాత్రం వద్దు. ఒంట్లో ఎక్కువైతే కాలేయం, గుండె దెబ్బతింటాయి.

మెగ్నీషియం గురించి అందరూ ఊదరగొడతారు. నేనూ చాన్నాళ్లు వాడాను. వేసుకున్న రాత్రికీ, మానేసిన రాత్రికీ తేడా తెలియలేదు, కడుపు మాత్రం బాగా కదిలింది. దీనికి గట్టి ఆధారాలూ లేవు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకూడదు. ఇక దుప్పటి కింద సబ్బుబిళ్ల పెట్టుకునే చిట్కా... పక్క మంచి వాసన వచ్చింది, అంతే.

గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టుకోవడం, మర్దన చేసుకోవడం ఆ పూటకు పనిచేస్తాయి. వేళ్లతో పైపైన రాస్తే చిరాకు ఇంకా పెరుగుతుంది. అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో, చీలమండ నుంచి మోకాలి కింద వరకు, కాస్త నొప్పి పుట్టేంత గట్టిగా నొక్కుతూ పోవాలి. మరీ కుదురు లేనప్పుడు గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించుతాను. సాయంత్రం నడక మంచిదే, కానీ ఒళ్లు హూనమయ్యేలా వ్యాయామం చేసిన రోజు రాత్రి నరకమే.

మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేయడం కొంత పనిచేసింది. మద్యం, సిగరెట్లు కూడా దీన్ని పెంచుతాయంటారు, నాకు ఆ అలవాట్లు లేవు కాబట్టి చెప్పలేను.

అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది జలుబు బిళ్ల. మత్తుగా నిద్రపట్టించే రకాల్లో డైఫెన్‌హైడ్రమిన్ లాంటి యాంటీహిస్టమిన్లు (అలర్జీని అణిచే మందులు) ఉంటాయి. కళ్లు మూతలు పడుతుంటాయి, కాళ్లు మాత్రం ఆగవు. ఇప్పుడు స్ట్రిప్ వెనక పేర్లు చదవందే ఏదీ వేసుకోను. వాంతులు తగ్గడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్, డిప్రెషన్‌కి వాడే చాలా మందులు కూడా ఇలాగే ఈ బాధను పెంచుతాయి. అలాగని డిప్రెషన్ మందులు సొంతంగా ఆపేయొద్దు, రాసిన డాక్టర్‌కే చెప్పి మార్పించుకోవాలి. గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఈ బాధ ఎక్కువగా కనిపిస్తుంది, వాళ్లు నా చిట్కాలేవీ మొదలుపెట్టకుండా నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.