ఆరేళ్లయినా నా కోపం ఆ బుష్ మీదే

నా 1964 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు పుట్టుకతో 6 వోల్టులది. దాని గేర్‌బాక్స్‌ని లోపల అరగదీసి, తర్వాతి 12 వోల్టుల కాలపు ఫ్లైవీల్ (ఇంజన్ చివర తిరిగే పళ్ల చక్రం) ఎక్కించి ఈ అక్టోబరుకి ఆరేళ్లు. ఈ పని గురించి ఎవరిని కదిపినా ఆ అరగదీతే పెద్ద గండమన్నట్టు మాట్లాడతారు. నన్ను ఏడిపించింది అది కాదు, చిటికెన వేలికి ఉంగరంలా సరిపోయే ఓ కంచు బుష్, అంటే ఇంజన్‌ని లేపే స్టార్టర్ మోటారు షాఫ్టు కొస కూర్చుని తిరిగే చిన్న గొట్టం ముక్క.

పాత 1200 సీసీ ఇంజన్ చేతులెత్తేశాక 1600 సీసీ డ్యూయల్ పోర్ట్ (ప్రతి హెడ్‌కి రెండు గాలి దారులున్న) ఇంజన్ ఒకటి దొరికింది. దాని ఫ్లైవీల్‌కి 130 పళ్లు, క్లచ్ 200 మిల్లీమీటర్లు. మా బండిదేమో 109 పళ్లు, 180 మిల్లీమీటర్లు. పాత బెల్‌హౌసింగ్‌లో (ఫ్లైవీల్‌ని కప్పి ఉండే గేర్‌బాక్స్ గంట భాగం) కొత్త ఫ్లైవీల్ తిరగాలంటే లోపలి అంచు కొన్ని మిల్లీమీటర్లు తగ్గాల్సిందే. ఇవన్నీ బీటిల్ వాళ్లకి తెలిసిన లెక్కలే. క్లచ్‌ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేట్ మాత్రం మధ్యలో రింగు ఉన్నదే తెచ్చుకోండి, 1964 గేర్‌బాక్స్‌లో క్లచ్‌ని విడిపించే రిలీజ్ బేరింగుకి ఆ రింగు కావాలి.

అరగదీత నేను భయపడినంత లేదు. ఆ హౌసింగ్ మెగ్నీషియం మిశ్రమం కాబట్టి మెత్తగా తెగుతుంది. చిక్కల్లా ఆ పొడితోనే. నిప్పంటుకుంటే ఆపడం కష్టం, నీళ్లు పోస్తే ఇంకా రేగుతుంది. నమ్మకం కుదరక చిటికెడు పొడి డ్రైవ్‌వేలో పోసి లైటర్ పెట్టాను. కళ్లు బైర్లు కమ్మే తెల్లటి వెలుగు! ఆ తర్వాత పక్కన పొడి ఇసుక బకెట్ లేకుండా పని చెయ్యలేదు. నిప్పురవ్వలొచ్చే గ్రైండింగ్ చక్రం జోలికే పోలేదు. ఆకురాయి, తక్కువ స్పీడులో ఒక కార్బైడ్ బర్ (తిరుగుతూ లోహాన్ని గీకే చిన్న పళ్ల ముక్క), అంతే.

ఎక్కడ తగులుతోందో చూడటానికి మెకానిక్‌లు పూసే నీలం రంగు దొరక్క, పూజగదిలో కుంకుమ తీసి నూనెలో కలిపి ఫ్లైవీల్ పళ్లకు పూశాను. ఇంజన్ బిగించడం, చేత్తో తిప్పడం, దించడం, ఎర్రగా అంటుకున్న చోట గీకడం. స్టార్టర్ మోటారు దూరే నోటి దగ్గరే ఎక్కువ తగిలింది. నాలుగోసారి ఎక్కడా అంటలేదు. "ఆయుధపూజ అయ్యిందా?" అంది మా ఆవిడ.

మొదటి ఏడాది కనిపించినవాళ్లందరికీ "చేసేసుకోండి, రెండు వారాంతాల పని" అని ఊదరగొట్టాను. 12 వోల్టులొచ్చాక హెడ్‌లైట్లు దీపాల్లా కాకుండా లైట్లలా వెలిగాయి. తాళం తిప్పిన మరుక్షణం ఇంజన్ లేచేది.

రెండో ఏడాది దీపావళి ముందు శనివారం న్యూజెర్సీ ఎడిసన్‌లో మన దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డుకి వెళ్లాం. స్వీట్లు, ప్రమిదలు కొని వచ్చి తాళం తిప్పితే గర్ర్‌మని ఒక్క శబ్దం, ఆపైన టక్, టక్, మళ్లీ టక్. అంతకు రెండు నెలల ముందు నుంచే ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు స్టార్టర్ బద్ధకంగా తిరుగుతోంది. నేనేమో బ్యాటరీ మార్చి, గేర్‌బాక్స్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ గీకి శుభ్రం చేసి, తగ్గిపోయిందనుకున్నాను. ఆ రోజు తేలిపోయింది.

వెనకాల రెండు కార్లు హారన్ కొడుతున్నాయి. మా ఆవిడ మైసూర్‌పాక్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి అటు చూస్తోంది. "తొయ్యమంటారా అన్నా?" అని ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. వాళ్ల వెనకే ఒక పెద్దాయన, "ఫస్ట్‌లో కాదు బాబూ, సెకండ్‌లో వెయ్యి" అన్నారు. నా చెయ్యి నిజంగానే ఫస్ట్ మీద ఉంది. సెకండ్‌లో వేసి, నాలుగడుగులు దొర్లాక క్లచ్ వదిలితే లేచింది. ఇంటికొచ్చేదాకా ఎక్కడా ఇంజన్ ఆపలేదు, పెట్రోల్ బంకులో కూడా ఆగలేదు.

మర్నాడు స్టార్టర్ ఊడదీస్తే సంగతి తెలిసింది. మామూలు కార్లలో స్టార్టర్ షాఫ్టుకి రెండు కొసలా ఆధారం స్టార్టర్‌లోనే ఉంటుంది. బీటిల్‌లో ముందు కొస గేర్‌బాక్స్ హౌసింగ్‌లో ఉన్న బుష్‌లో కూర్చుంటుంది. 6 వోల్టుల స్టార్టర్ షాఫ్టు 12.5 మిల్లీమీటర్లు, 12 వోల్టులది 10.9. అందుకే చిన్న రంధ్రం ఉన్న బుష్ వేసుకోవాలి. వేశాను, కానీ ఎలా? దాన్ని ముందు నూనెలో నానబెట్టాలి, తిన్నగా దిగేలా కొట్టాలి. నేను పెట్టెలోంచి తీసినదాన్ని తీసినట్టే పొడిగా పెట్టి, సాకెట్ ఆనించి సుత్తితో రెండు దెబ్బలేశాను. అప్పటికి ఇంజన్ నాలుగుసార్లు ఎక్కించి దించినవాణ్ణి, ఓపిక లేదు. బుష్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరిగింది. షాఫ్టు ఒకవైపు వాలి, ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) పక్కన కదలకుండా ఉండే పోల్ ముక్కలకు రాసుకుని అద్దంలా మెరుస్తోంది.

ఇంజన్ దించకుండానే బుష్ తియ్యొచ్చని అప్పుడే నేర్చుకున్నాను. కారు కింద పడుకుని, స్టార్టర్ రంధ్రంలోంచి మర కోసే ట్యాప్‌ని బుష్‌లోకి తిప్పి, పట్టుకున్నాక లాగడమే. నాకు గంటన్నర పట్టింది, జుట్టు నిండా గ్రీజు. దాని చోట మళ్లీ బుష్ వెయ్యలేదు. ఆటోస్టిక్ (క్లచ్ పెడల్ లేని బీటిల్) బండ్లకు వచ్చే రకం స్టార్టర్ కొన్నాను, దాని ముక్కులోనే దానికి ఆధారం ఉంటుంది. ఖరీదెక్కువే. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా టక్ అనలేదు. బుష్‌ని సరిగ్గా నానబెట్టి వేసినవాళ్లకు మామూలు స్టార్టరే ఏళ్ల తరబడి నడుస్తుందని ఒప్పుకుంటాను. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే మునుపటిలా "చేసేసుకోండి" అనను. పాత ఇంజన్ బాగుండి, వెలుగు కోసమే 12 వోల్టులకు మారాలనుకుంటే హౌసింగ్ జోలికి వెళ్లక్కర్లేదు. 109 పళ్ల ఫ్లైవీల్, 6 వోల్టుల స్టార్టర్ అలాగే ఉంచి 12 వోల్టులతో తిప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, కాస్త గట్టిగా కొట్టుకుంటుందంతే. నాలా 1600 ఎక్కించినా హైవేలో ఆశించినంత తేడా ఉండదు, చక్రాలకు ముందున్న చివరి గేరు నిష్పత్తి (4.375 ఫైనల్ డ్రైవ్) అలాగే ఉంది కాబట్టి ఇంజన్ అరుస్తూనే ఉంటుంది. నాకు సొంత గ్యారేజీ ఉంది, ఆఫీసుకు వేరే కారుంది, ఉప్పు చల్లే చలికాలంలో బీటిల్ బయటికే రాదు. రోజూ ఇదే తీసుకెళ్లాల్సి ఉంటే ఆ ఆకురాయి పట్టేవాణ్ణో లేదో.

ఈ ఏడాది దీపావళికి ఓక్ ట్రీ రోడ్డుకి బీటిల్‌లోనే వెళ్దామన్నాను. మా ఆవిడ వేరే కారు తాళాలు తీసుకుంది.